ఎవరు దిగుతారండి?

పొద్దున్నే నేను టిఫిన్ డబ్బా సర్దుకునే వేళకు ఫోన్ మోగేది. ఆ వేళకు మోగిందంటే అన్నే. నిజాంపేటలో బస్సెక్కి, సీటు దొరికి కూర్చున్నాక చేసేవాడు. హలో అనడం కూడా ఉండేది కాదు.

"చెల్లెమ్మా, ఇవ్వాళ ఏం పగిలింది?"

తోడబుట్టిన అన్న కాదు. మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగులో మేం పనిచేసే టీంకు లీడ్. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, తెనాలి వైపు మనిషి. నాది ప్రొద్దుటూరు. నేను టెస్టర్ని, అంటే టీం రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పెక్కడుందో వెతికి చూపించడం నా ఉద్యోగం. మేం ఇళ్ళకు పోయాక కంప్యూటర్లు వాటంతటవే పరీక్షలు నడుపుకొని, ఏవి తప్పాయో తెల్లారేసరికి నా ఫోన్‌కు పంపిస్తాయి. ఆ కబురే అన్నకు కావాలి. నేను పుప్పాలగూడలో గరిటె పట్టుకునే చెప్పేదాన్ని, ఆయన కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో కూర్చుని వినేవాడు. ఏదీ పగల్లేదంటే నమ్మేవాడు కాదు. "సరిగ్గా చూశావా? నీ నోట మంచిమాట వస్తే నాకు భయమేస్తుందమ్మా" అని ఏడిపించేవాడు.

నా నోటి సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. చిన్నప్పుడు నాకు వస ఎక్కువ పోశామని మా అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. మీటింగులో ఎవరైనా ఒక్క నిమిషం ఊరుకుంటే ఆ నిమిషం నాకు ఒళ్ళంతా దురద. ఏదో ఒకటి అనేస్తాను. ఆ తర్వాత నేను అన్నదానికి టీం మొత్తం పనిచేస్తుంది.

మా పని విదేశంలో ఇంటింటికీ మందులు చేర్చే ఒక కంపెనీకి. ముసలివాళ్ళూ, మంచం పట్టినవాళ్ళూ ఫోన్‌లో అడిగితే మందులు గుమ్మం దగ్గరికి రావాలి. ఆ యాప్ మేం కడతాం. అంతా ఒకేసారి కాకుండా, రెండు వారాలకొకసారి కొంత కట్టి వాళ్ళకు చూపిస్తాం. ఆ రెండు వారాల్లో చేయాల్సిన ఒక్కో పనినీ ఒక్కో కార్డు మీద రాసి గోడకు అంటిస్తాం. ఇదంతా కంప్యూటర్లోనూ ఉంటుంది గానీ అన్నకు గోడే కావాలి. "కంప్యూటర్లో ఎన్ని పనులు వేసినా దానికి బరువు తెలీదండి. గోడ నిండితే కంటికి కనపడుతుంది" అనేవాడు.

పని మొదలయ్యాక మార్పులు మొదలవుతాయి. అది ఎవరి తప్పూ కాదు. వాడి చూసేదాకా తమకేం కావాలో వాడేవాళ్ళకే తెలియదు. అందుకే కదా కొంచెం కొంచెం కట్టి చూపించేది. కానీ మార్పు ఎప్పుడూ చాలా వినయంగా వస్తుంది. "ఇదొక్కటే, చిన్నదే" అంటూ వస్తుంది. మందు పేరు పైన ఉండాలి. కాదు, మనిషి పేరే పైన ఉండాలి. అక్షరాలు పెద్దవి చేయండి. పక్కింటివాళ్ళు తీసుకోవచ్చా అని కూడా అడగండి. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ న్యాయమే. అన్నీ కలిస్తే మాకు శనివారం లేదు, ఆదివారం లేదు.

దీనికి అన్న దగ్గర ఒక పద్ధతి ఉండేది. మా బిల్డింగు లిఫ్టులో చూసి పెట్టిన పద్ధతి. పొద్దున ఆఫీసు వేళకు లిఫ్టు కిక్కిరిసి ఉంటుంది. ఒకరు ఎక్కువయ్యారంటే కూత పెడుతుంది, తలుపు మూసుకోదు. చివర ఎక్కినవాడు సిగ్గుపడి దిగిపోతాడు. "లిఫ్టుకున్న నీతి మన పనికి లేదండి. మన దగ్గర చివర ఎక్కినవాడు రాజాలా నిలబడతాడు, మిగతావాళ్ళకు ఊపిరాడదు" అనేవాడు అన్న. అందుకని మధ్యలో ఎవరు మార్పు తెచ్చినా, అది విదేశంలో ఆ కంపెనీ తరఫున మాతో మాట్లాడే మేడమ్ కానీ మా మేనేజర్ కానీ, అన్న వీడియో కాల్ కెమెరాను గోడ వైపు తిప్పేవాడు. "లిఫ్టు కూత పెట్టింది. ఎవరు దిగుతారండి?" అనేవాడు. కాల్‌లో ఇంగ్లీషులో, మాతో తెలుగులో. కొత్త కార్డు ఒకటి ఎక్కాలంటే అంత బరువున్న పాత కార్డు ఒకటి దిగాలి. అది ఏదో మార్పు అడిగినవాళ్ళే చెప్పాలి.

ప్రశ్న అడిగి ఊరుకునేవాడు. అసలు పని అక్కడ జరిగేది. అవతలివాళ్ళు దగ్గేవాళ్ళు, కాగితాలు కదిపేవాళ్ళు, కాఫీ తాగేవాళ్ళు. అన్న చిరునవ్వుతో అట్లాగే కూర్చునేవాడు. నాకైతే "పోనీలే మేడమ్, రెండూ చేసేస్తాం" అని నోటి దాకా వచ్చేది. ఒకసారి వచ్చేసింది కూడా. ఆ వారం అందరం శనివారం ఆఫీసులోనే ఉన్నాం. అన్న నా మీద అరవలేదు. క్యాంటీన్‌లో దోసె తింటూ, "నువ్వు మాట్లాడలేదమ్మా, మా శనివారం అమ్మేశావు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మాట తగిలింది.

దిగిన కార్డును అన్న చెత్తబుట్టలో వేసేవాడు కాదు. ఇంటి నుంచి తెచ్చిన ఒక స్టీలు డబ్బా ఉండేది, మూత కొంచెం సొట్ట. ఆ కార్డు అందులోకి వెళ్ళేది. తర్వాతి రెండు వారాల పని మాట్లాడుకునే రోజున ముందు ఆ డబ్బా తెరవాలి. "దిగినవాళ్ళు ముందు ఎక్కాలండి, అది మర్యాద" అనేవాడు.

ఇంకో మాట కూడా ఉండేది. మా టీంలో కోడ్ రాసే తమ్ముడొకడు, కరీంనగర్ వైపువాడు, చేయి చురుకు. మేడమ్ అడగని హంగులు చేర్చి మురిసిపోయేవాడు. అవి ఆమెకు నచ్చేవి కావు, మళ్ళీ తీసేయాలి. అప్పుడు అన్న అనేవాడు: "అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం అమ్మ కంటే గొప్పవాళ్ళం, అడక్కుండానే వండి పెట్టేస్తాం. ముందు అడగండయ్యా, నీకేం కావాలని. ఆ తర్వాత పొయ్యి వెలిగించండి." ఈ మాట మాలో ప్రతివాళ్ళమూ వందసార్లు విన్నాం. విన్నామంతే.

నిరుడు వానాకాలంలో అన్న గొంతు బొంగురుపోయింది. రోజంతా కాల్స్‌లో మాట్లాడే మనిషికి బొంగురుపోక ఏమవుతుంది అనుకున్నాం. తలా ఒక వైద్యం చెప్పాం. నేను మిరియాల పాలన్నాను, తమ్ముడు అల్లం నములమన్నాడు. వానలు తగ్గాయి, గొంతు బాగుపడలేదు. పొద్దుటి ఫోన్‌లో ఆయన మాట సగం బస్సు చప్పుడులోనే కలిసిపోయేది. చివరికి వదిన పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు.

ఆ కబురు అన్న మాకు పొద్దుటి మీటింగులో గోడ ముందే నిలబడి చెప్పాడు. తమ్ముడు ఒక కార్డు తీసుకుని దాని మీద "అన్న" అని రాసి, స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాడు. "దిగినోళ్ళు ముందుగాల ఎక్కాలె. నువ్వే గద చెప్పినవ్ అన్నా. ఇగ ఫికర్ చేయకు, జల్ది రా" అన్నాడు. అన్న వాడి తల మీద చెయ్యేశాడు.

ఆసుపత్రిలో చేరే రోజు పొద్దున కూడా ఫోన్ మోగింది. "చెల్లెమ్మా, ఇవ్వాళ ఏం పగిలింది?" ఆ రోజు నిజంగానే ఏదీ తప్పలేదు. "ఏం పగల్లేదన్నా, అన్నీ బాగుండాయి" అన్నాను. "అయితే మంచి రోజు చూసుకునే వెళ్తున్నానన్నమాట" అన్నాడు. ఆ గొంతు నేను వినడం అదే ఆఖరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు. నేను డబ్బాలో పెట్టిన అన్నం పెట్టినట్టే వదిలేసి ఆఫీసుకు వెళ్ళాను.

ఆపరేషన్ అయింది, ఆ తర్వాత రేడియేషన్. చలికాలమంతా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తిరిగి ఆఫీసుకు వచ్చేసరికి సగం మనిషయ్యాడు. మెడ దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి మెత్తని గుడ్డ. గొంతుకు ఆనించి మాట్లాడే మిషన్ కూడా ఇచ్చి చూశారట, మెడ గట్టిపడిపోయి అది పలకలేదు. పిల్లలు రాసుకునే తెల్ల పలక ఒకటీ, స్కెచ్ పెన్నూ చేతిలో పట్టుకుని వచ్చాడు. నవ్వు మాత్రం పాతదే.

మాటల మధ్యలో ఆయనకు చోటు లేకుండా పోయిందని మాకు మొదటి వారంలోనే తెలిసొచ్చింది. పొద్దుటి మీటింగులో ఆయన పలక మీద రాయడం మొదలుపెట్టేవాడు. రాసి పైకెత్తేసరికి మేం ఇంకో సంగతిలో ఉండేవాళ్ళం. ఎవరికీ ఆయన్ని తోసేయాలని లేదు. అలవాటు, అంతే. కాల్‌లో ఇంకా కష్టం. ఆయన రాసింది చూడకుండానే మేడమ్ తర్వాతి విషయానికి వెళ్ళిపోయేది, మాలో ఎవరో "సరే" అనేసేవాళ్ళు. మార్పు మీద మార్పు ఎక్కింది, ఏదీ దిగలేదు. గోడ మీద కార్డు మీద కార్డు అంటించుకుంటూ పోయాం. ఆయన పలక తుడుచుకుని కూర్చునేవాడు.

ఒకరోజు మా మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. చెడ్డమనిషి కాడు, అన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వెళ్ళి కూర్చున్నవాడే.

"చూడమ్మా, నాకూ బాధగానే ఉంది. కానీ లీడ్ అంటే క్లయింట్‌తో మాట్లాడాలి కదా. వచ్చే నెల పెద్ద ప్లానింగ్ కాల్ ఉంది. అది ఆయన నడపగలిగితే ఆయనే లీడ్. లేకపోతే ఆయన్ని డాక్యుమెంట్ల పనిలో పెడతాను, జీతంలో తేడా రాదు. నువ్వు లీడ్‌గా ఉండు. నీకు నోరుంది."

డాక్యుమెంట్ల పని అంటే మా ఆఫీసులో మనిషిని మర్యాదగా మూలకు జరపడం. అక్కడ పెట్టినవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. నాకు మండింది.

"నాకొద్దు సార్. ఆయన కుర్చీలో నేనెట్ల కూచుంటా?"

"నువ్వు వద్దంటే బయటినుంచి ఎవర్నో తేవాలి. కాల్ దాకా చూద్దాం. ఆయనకు కూడా చెప్పాను."

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి ఏడ్చాను. అక్కడే తమ్ముడు దొరికాడు. అంతా చెప్పాను.

"పరేషాన్ గాకు అక్కా," అన్నాడు. "మన కాల్స్ అన్నీ రికార్డయి ఉన్నయ్ గద. ఎన్ని ఏండ్లవి! అన్న గొంతు మస్తుగ ఉన్నది అండ్ల. గది పెట్టి అన్న గొంతు మళ్ళ తయారు చెయ్యొచ్చు. అన్న టైప్ కొడ్తే అన్నే మాట్లాడినట్లు వస్తది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న సంగతి మాకు ముందే ఎందుకు తట్టలేదా అనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలు మానేసి మరీ కూర్చున్నాం. నేను ఒక్కొక్క రికార్డింగూ విని, బాగా వినిపించే ముక్కలు ఏరి ఇచ్చాను. జలుబు లేని రోజులవి, నవ్వుతూ మాట్లాడినవి. తమ్ముడు వాటితో గొంతు తయారు చేశాడు. "అండి" దగ్గర ఆయన కొంచెం సాగదీస్తాడు, అది రాలేదని మళ్ళీ చేయించాను. తప్పు పట్టడం నా వృత్తి కదా. ఎన్ని రకాలుగా పరీక్షించినా ఆ గొంతులో నాకు తప్పు దొరకలేదు. మా సంబరం ఇంతా అంతా కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మీటింగు గదిలో అందరం చేరాం. కేక్ కూడా తెప్పించాం. అన్నను పిలిచి, ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాం. మొదట ఏ మాట వినిపించాలో ఎంచింది నేనే. తమ్ముడు బటన్ నొక్కాడు.

"చెల్లెమ్మా, ఇవ్వాళ ఏం పగిలింది?" అంది ల్యాప్‌టాప్, అన్న గొంతుతో.

నేను చప్పట్లు కొట్టబోయి ఆయన ముఖం చూశాను. ఆ ముఖంలో రక్తం లేదు. చెయ్యి దానంతటదే మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు అది గమనించకుండా రెండో బటన్ కూడా నొక్కాడు. "లిఫ్టు కూత పెట్టింది, ఎవరు దిగుతారండి?" అంది గొంతు. అన్న ల్యాప్‌టాప్ మూత మెల్లగా మూశాడు. పలక తీసుకుని రాసి, అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

"నన్ను అడిగారా?"

పలక తుడిచి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కేక్ అట్లాగే ఉంది. తమ్ముడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "అడగాలె గద అక్కా. జర అడగాలె గద," అని అదే మాట అంటూ ఉన్నాడు. అడగకుండా వండిపెట్టడం ఎంత తప్పో జీతం తీసుకుని మరీ నేర్చుకున్నవాళ్ళం. ఆయన దగ్గరే నేర్చుకుని ఆయనకే వండి పెట్టాం.

ఆదివారం నేను నిజాంపేట వెళ్ళాను. హాస్టళ్ళ మధ్య సందులో, మూడో అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. వదిన తలుపు తీసి, "రా అమ్మా, మొన్నట్నుంచీ పలక కూడా ముట్టుకోవట్లేదు" అంది. అన్న బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు. నేను వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ముందు నా ధోరణిలో నేను మాట్లాడేశాను, తప్పైపోయిందన్నా, తమ్ముడు అన్నం తింటం లేదన్నా, ఇట్ల అనుకోలేదన్నా అని. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆపాను. లోపలికి వెళ్ళి పలక తెచ్చుకుని రాశాడు.

"ఆ గొంతు పోయిందని ఏడవాల్సినంతా ఏడ్చాను. ఇప్పుడు మళ్ళీ ఎదురుగా పెడితే మళ్ళీ మొదట్నుంచి ఏడవాలి."

నాకు దుఃఖం ఆగలేదు. కాసేపటికి ముఖం తుడుచుకుని, మొట్టమొదటి రోజు అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"నీకేం కావాలన్నా?"

ఆయన వెంటనే రాశాడు. ముందే తయారుగా పెట్టుకున్నట్టు ఒకే ఒక్క మాట.

"ఆగండి."

నాకు అర్థం కాలేదనుకున్నాడేమో, కింద ఇంకా రాశాడు. "నేను రాసేదాకా ఆగితే చాలు. ఎవరూ ఆగట్లేదు. ఇంట్లో కూడా."

వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడిన వదిన అది చదివింది. "నిజమేనమ్మా," అంది. "ఆయన రాసేలోపు ప్రశ్నా నేనే, జవాబూ నేనే. కష్టపెట్టకూడదనే అనుకున్నానండీ..." అంటూ అన్న వైపు తిరిగి మధ్యలోనే ఆపేసింది. ఆపి, నిలబడింది. అన్న ఆమెకు ఏదో రాసి చూపించాడు. ఏం రాశాడో నేను చూడలేదు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సోమవారం తమ్ముడు అన్నను అడిగి, ఆయన చూస్తుండగానే తయారు చేసిన ఆ గొంతును కంప్యూటర్లోంచి మొత్తం తీసేశాడు. ఆ రోజు నుంచి పొద్దుటి మీటింగులో ఆగడం నేర్చుకున్నాం. చెప్పినంత తేలిక కాదు. పెన్ను పలక మీద గీసుకునే చప్పుడు వింటూ ఆరేడుగురు పెద్దమనుషులు చేతులు కట్టుకుని నిలబడాలి. ఒకరు ఫోన్ తీస్తారు, ఒకరు ఏదో అనబోతారు. అందరికంటే కష్టం నాకే. చున్నీ కొస నోట్లో పెట్టుకుని నిలబడేదాన్ని. అన్న చూసి భుజాలు కదిలేలా నవ్వేవాడు. అయితే మా మధ్య ఆగడం వేరు, కాల్‌లో ఆగడం వేరు. అవతలున్నవాళ్ళను ఎవరు ఆపాలి? మేనేజర్ ఆగుతాడా? ఈ భయంతోనే ప్లానింగ్ రోజు వచ్చింది.

మాకు మధ్యాహ్న భోజనాలయ్యే వేళ, వాళ్ళకు పొద్దుటి కాఫీ వేళ. గదిలో మేమందరం, ఒక పక్కన మేనేజర్. గోడ మీద కొత్త కార్డులు వరసగా నిండుగా ఉన్నాయి. తెర మీదికి మేడమ్ రాకముందే అన్న పద్ధతి ప్రకారం, ఆయన ఆసుపత్రికి వెళ్ళాక ఎవరూ తెరవని స్టీలు డబ్బా మూత తీశాడు. అడుగున "అన్న" కార్డు ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తమ్ముడి వైపు చూసి, గోడకు అన్నిటికంటే పైన అంటించాడు. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

కాల్ మొదలైంది. ముందే టైప్ చేసి పెట్టుకున్న వివరాలు అన్న తెర మీద చూపిస్తుంటే సగం దాకా సజావుగానే సాగింది. అప్పుడు మేడమ్ అంది, "ఇంకొక్కటి. చిన్నదే. మందులు అందుకున్న మనిషి ఫోన్ మీద సంతకం పెట్టాలి. మా దగ్గర కొత్త నిబంధన. ఈ విడతలోనే కావాలి."

అన్న లేచాడు. కెమెరాను గోడ వైపు తిప్పాడు. గోడ దగ్గరికి వెళ్ళి, కార్డుల పక్కన వేలి కణుపుతో టక్ టక్‌మని రెండుసార్లు కొట్టాడు. కొట్టి, పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గదిలో చప్పుడు లేదు. "వినిపిస్తోందా?" అంది మేడమ్. మేం పలకలేదు. "లైన్ ఉందా?" అంది. ఒక్క మాట చాలు, నేను అనేస్తే కాల్ నడిచిపోతుంది. మేడమ్ సంతోషిస్తుంది, మేనేజర్ తల ఊపుతాడు, అన్న డాక్యుమెంట్ల మూలకు వెళ్ళిపోతాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టి నొక్కాను. మేనేజర్ మైక్ వైపు వంగాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. పైవాడి చెయ్యి అట్లా పట్టుకోవచ్చా అని నాకు అప్పుడు తోచలేదు. ఆయన నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మెల్లగా వెనక్కి వాలాడు.

మేడమ్ తెర మీద దగ్గరికి జరిగి గోడ చూసింది. నిండిన గోడ, పక్కన చేతులు కట్టుకున్న మనిషి.

"ఓ," అంది. "లిఫ్టు." ఆ తర్వాత ఆమె కూడా ఊరుకుంది. ఒక్కొక్క కార్డూ చదువుతోంది. "మూడో వరసలో రంగులు మార్చే కార్డు ఉంది కదా, అది దించండి" అంది చివరికి.

అన్న దాన్ని తీసి డబ్బాలో వేశాడు. ఆపైన పలక తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. మేడమ్ ఏదో అనబోయి, ఆయన రాయడం చూసి ఆగింది. పెన్ను చప్పుడు ఆ దేశం దాకా వినపడి ఉంటుంది. ఆయన పలకను కెమెరా ముందు పెట్టాడు. మంచం మీద నుంచి లేవలేనివాళ్ళు, చేతులు వణికేవాళ్ళు సంతకం ఎలా పెడతారు అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. "అది మేం ఆలోచించలేదు. మా వాళ్ళను అడిగి చెబుతాను. అడగకుండా కట్టొద్దు" అంది. మిగతా కాల్ అంతా ఆయన రాసినప్పుడల్లా ఆమె ఆగింది.

అందరూ వెళ్ళాక మేనేజర్ గోడ ముందు నిలబడి పైనున్న "అన్న" కార్డు చూశాడు. దాన్ని తాకలేదు. "ఆయనే ఉంటాడమ్మా," అని, మణికట్టు రుద్దుకుంటూ, "చెయ్యి మాత్రం గట్టిగానే పట్టావు" అన్నాడు. సాయంత్రం అన్న నుంచి మెసేజ్ వచ్చింది. "నాలుక ఉందా, కొరుక్కున్నావా?" అని. రక్తమొచ్చిందని రాశాను.

మర్నాడు పొద్దున నేను టిఫిన్ డబ్బాలో పులిహోర పెడుతుంటే ఫోన్ మోగింది. అన్న నంబరు. ఆపరేషన్ తర్వాత ఆ నంబరు నుంచి మెసేజీలే గానీ ఫోన్ ఎప్పుడూ రాలేదు. వదిన చేస్తోందేమో, ఆయనకేమైందో అనుకుంటూ ఎత్తాను.

"వదినా, ఏమైంది?"

అవతల బస్సు చప్పుడు. కండక్టరు టికెట్లు అడుగుతోంది. ఎవరూ మాట్లాడలేదు.

"అన్నా?"

ఫోన్ మీద గోటితో రెండుసార్లు కొట్టిన చప్పుడు వినిపించింది.

నేను పొయ్యి కట్టేశాను. ఏమీ అనకుండా ఆగాను. బస్సు ఎక్కడో ఆగి, మళ్ళీ కదిలింది. ఆయన ఏం అడిగాడో నాకు వినపడింది. కళ్ళు తుడుచుకుని, పరీక్షల్లో తప్పినవేవో చూసుకుని, "రెండు పగిలినాయన్నా" అని చెప్పడం మొదలుపెట్టాను.